మ్యాచ్ రోజులే సంపాదన: కరువు సీమ నుంచి క్రికెట్ వృత్తిలోకి

భారతదేశంలో ప్రొఫెషనల్ క్రికెటర్లలో ఎక్కువమంది మ్యాచ్ ఫీజు మీద బతుకుతారు. ఆటకు నెల జీతం ఉండదు. తుది పదకొండు మందిలో పేరున్న రోజుకు పూర్తి ఫీజు, రిజర్వులో కూర్చున్న రోజుకు అందులో సగం, జట్టులోకి ఎంపిక కాకపోతే ఏమీ లేదు. 2021–22 సీజన్ నుంచి బీసీసీఐ అమలు చేసిన పట్టిక ప్రకారం సీనియర్ పురుషుల దేశవాళీ క్రికెట్‌లో 20 మ్యాచ్‌ల వరకు ఆడినవారికి రోజుకు 40,000 రూపాయలు, 21 నుంచి 40 మ్యాచ్‌లు ఆడినవారికి 50,000, ఆపైన ఆడినవారికి 60,000 చెల్లిస్తారు. ఈ వృత్తిలో పదోన్నతికి ఇంటర్వ్యూ లేదు, సీనియారిటీ జాబితా లేదు. ఆడిన మ్యాచ్‌ల సంఖ్యే పదోన్నతి.

ఈ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే వృత్తి అసలు స్వరూపం తెలుస్తుంది. రంజీ ట్రోఫీ లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు సాగుతుంది. కొత్తగా వచ్చిన ఆటగాడికి ఒక్కో మ్యాచ్‌కు 1,60,000 వస్తుంది. రంజీ పై విభాగమైన ఎలైట్ గ్రూపులో ఏడు లీగ్ మ్యాచ్‌లూ ఆడితే 11,20,000. పొట్టి ఫార్మాట్ అయిన సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో మ్యాచ్‌కు 17,500 మాత్రమే. మహిళల సీనియర్ దేశవాళీ ఫీజు చాలాకాలం రోజుకు 20,000 దగ్గరే ఆగిపోయింది. 2025 డిసెంబరులో దాన్ని వన్డే, బహుళ రోజుల మ్యాచ్‌లకు 50,000కు పెంచారు. అంతర్జాతీయ స్థాయిలో స్త్రీ పురుషుల మ్యాచ్ ఫీజు 2022 అక్టోబరులోనే సమానమైంది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు.

టీవీ ముందు కూర్చున్న కుటుంబానికి కనిపించేది మాత్రం ఐపీఎల్ వేలం. పది జట్లు, జట్టుకు గరిష్ఠంగా 25 మంది, అందులో విదేశీయులు ఎనిమిది మంది వరకు. మొత్తం కలిపినా 250 స్థానాలు. రంజీ ట్రోఫీలో ఆడే జట్లు 38. వేలం పాటను గమ్యంగా పెట్టుకున్న కుర్రాడు ఆ 250లో విదేశీయులకు పోగా మిగిలిన కుర్చీల కోసం పోటీపడుతున్నాడు. దేశవాళీ క్రికెట్‌ను గమ్యంగా పెట్టుకున్నవాడికి దారి అంతకంటే విశాలం, పైగా వేలానికి పోయే దారి కూడా ఎక్కువగా అటునుంచే ఉంది. అందుకే ఈ అధ్యాయంలో ప్రతి నిర్ణయానికీ ఒకే గీటురాయి: ఇది ఆటగాడికి మంచి పిచ్ మీద ఆడే మ్యాచ్‌లను పెంచుతుందా, తగ్గిస్తుందా?

వానలేని చోట పిచ్

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి రుతుపవనం కనుమల అవతలే కురిసి తేలికపడి వస్తుంది, ఈశాన్య రుతుపవనం తీరంలో కురిసి ఇక్కడికి చేరేసరికి నీరసిస్తుంది. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. వేరుశనగ వేసి ఆకాశం వంక చూసే ఈ నేలలో తాగునీటికీ పంటకూ బోరు మీద బోరు వేయాల్సి వస్తుంటే టర్ఫ్ పిచ్‌కు నీళ్లెక్కడివి? టర్ఫ్ పిచ్ అంటే బంకమట్టిని పొరలుగా పరిచి, గడ్డి పెంచి, రోజూ తడిపి, రోలర్‌తో తొక్కించి తయారుచేసేది. నీళ్లు లేనిచోట ముందుగా పోయేది అదే.

కాబట్టి ఈ ప్రాంతపు పిల్లల తొలి క్రికెట్ బీడు పొలాల్లో, ఎండిన చెరువుల్లో, బడి ఆవరణల్లో టెన్నిస్ బంతితో సాగుతుంది. అది నేర్పేది తక్కువేమీ కాదు. గట్టినేల మీద బంతి ఎలా లేస్తుందో చూసిన కన్ను చురుకవుతుంది, పరుగుల దాహం పెరుగుతుంది, యార్కర్ వేయడం అలవడుతుంది. కానీ అది నేర్పనివీ ఉన్నాయి. ఆఫ్ స్టంప్ అవతల పోయే బంతిని వదిలేయడం, సీమ్ నిలబెట్టి వేయడం, మూడో రోజు పిచ్ పగిలాక స్పిన్‌ను ఎదుర్కోవడం, పన్నెండు ఓవర్ల తర్వాత కూడా అదే చోట బంతి వేయడం: ఇవన్నీ లెదర్ బంతితో, టర్ఫ్ మీద, నిజమైన మ్యాచ్‌లోనే వస్తాయి. ఊరి టోర్నమెంట్లలో పేరు తెచ్చుకున్న ఎందరో జిల్లా సెలెక్షన్స్‌లో మొదటి రెండు ఓవర్లకే తేలిపోవడానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు. అలాంటి బంతిని అలాంటి పిచ్ మీద అంతకుముందు తగినన్ని సార్లు ఆడకపోవడమే.

ఈ కొరతను తీర్చిన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ). విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఈ సంస్థ కరువు పల్లెల్లో విద్య, వైద్యం, ఇళ్లు, నీటి పనులతో పాటు క్రీడలనూ అభివృద్ధి పనిగానే చూసింది. 2000లో అనంతపురం స్పోర్ట్స్ విలేజ్ ఏర్పడింది. అక్కడ క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో వంటివి నేర్పుతారు. రఫెల్ నడాల్ ఫౌండేషన్ టెన్నిస్ కేంద్రం 2010లో అక్కడే మొదలైంది. క్రికెట్‌కు ఇది తెచ్చిన అసలు మేలు ఆర్డీటీ స్టేడియం: పచ్చని అవుట్‌ఫీల్డ్, టర్ఫ్ పిచ్‌లు, ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ జరపగల వసతి. వానలు తక్కువ కావడం ఇక్కడ ఒక విధంగా కలిసొచ్చింది. నీటిని సమకూర్చుకోగలిగితే ఆట ఆగిపోయే రోజులు తక్కువ.

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌లలో ఐదు ఈ మైదానాల్లోనే జరిగాయి. తొలి మ్యాచ్‌లో ఇండియా సి స్పిన్నర్ మానవ్ సుతార్ రెండో ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. తర్వాతి రౌండ్‌లో అన్షుల్ కంబోజ్ ఇండియా బి మీద 69 పరుగులకు 8 వికెట్లు తీశాడు. ఆ నవంబరులోనే కంబోజ్ రంజీలో కేరళ మీద ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ పడగొట్టాడు, 2025 జులైలో మాంచెస్టర్‌లో టెస్టు ఆడాడు. ఆంధ్రకు ఆడే రికీ భుయ్ కూడా ఈ టోర్నీలో ఇండియా డి తరఫున సెంచరీ కొట్టాడు. నార్పల, శింగనమల, కళ్యాణదుర్గం నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లవాడు బౌండరీ తాడు అవతల కూర్చుని ఒక ఫాస్ట్ బౌలర్ రోజంతా ఎలా పనిచేస్తాడో చూడగలగడం చిన్న విషయం కాదు. అలాంటి మ్యాచ్ దగ్గరలో జరిగినప్పుడు ఏకాగ్రతతో పూర్తి రోజు చూడటాన్ని శిక్షణలో భాగంగానే లెక్కించాలి. హైలైట్లలో వికెట్ మాత్రమే కనిపిస్తుంది, ఆ వికెట్ కోసం ముందు వేసిన ఇరవై బంతులు కనిపించవు.

ముగ్గురు ఎడమచేతి బౌలర్లు

రాయలసీమ నుంచి ఇటీవల భారత జట్టుకు చేరిన ముగ్గురు మహిళలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఆసక్తికరమైన పోలిక కనిపిస్తుంది. ఆదోనికి చెందిన అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద తొలి టీ20 ఆడింది, 2023లో మొదటి మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో యూపీ వారియర్స్ 55 లక్షలకు తీసుకుంది. అనంతపురం జిల్లా నార్పల మండలానికి చెందిన బారెడ్డి అనూష అనంతపురం ఆర్డీటీలో శిక్షణ పొంది, 2023 జులైలో బంగ్లాదేశ్ పర్యటనలో భారత జట్టుకు ఆడింది. కడప జిల్లా యర్రమల్లెకు చెందిన నల్లపురెడ్డి శ్రీచరణి 2025 ఏప్రిల్‌లో వన్డేల్లోకి వచ్చి, జూన్‌లో నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద తన తొలి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు తీసి, నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో 14 వికెట్లతో నిలిచింది.

ముగ్గురూ ఎడమచేతి బౌలర్లే. అంజలి పేసర్, మిగతా ఇద్దరూ స్పిన్నర్లు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు, కానీ ఇందులో పనికొచ్చే పాఠం ఉంది. పెద్ద నగరం నుంచి వచ్చే బ్యాటర్‌కు అకాడమీలూ లీగ్ మ్యాచ్‌లూ చిన్నప్పటి నుంచే అందుబాటులో ఉంటాయి. ఆ పోటీలో అదే రకం ఆటతో దూరప్రాంతపు పిల్లలు వెనకబడే అవకాశం ఎక్కువ. బౌలర్ సంగతి వేరు. సెలెక్షన్స్‌లో బ్యాటర్ ఒక మంచి బంతికి అవుటైతే రోజు అయిపోయింది, బౌలర్‌కు మాత్రం మరో బంతి ఉంటుంది. ఎడమచేతి పేస్, మణికట్టు స్పిన్, వికెట్ కీపింగ్‌తో పాటు ఆరో నంబర్ బ్యాటింగ్ వంటి అరుదైన నైపుణ్యం ఉంటే జట్టు సమతూకం కోసమే సెలెక్టర్ ఆ పేరును వెతుక్కుంటాడు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో కోచ్ అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఈ పిల్ల ఎంత బాగా ఆడుతుంది?’ అనేది కాదు, ‘ఇలా ఆడేవాళ్లు ఈ రాష్ట్రంలో ఎంతమంది ఉన్నారు?’ అనేది.

శ్రీచరణి ప్రయాణంలో మరో రెండు సంగతులు చెప్పుకోదగ్గవి. బడిలో ఆమె ఖోఖో, అథ్లెటిక్స్, బ్యాడ్మింటన్ ఆడింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ల ప్రాంతంలో. మొదట వేగంగా బంతి వేసేది, వికెట్లు రాకపోవడంతో స్పిన్‌కు మారింది. ఆరేళ్లకే అకాడమీలో చేర్చకపోతే ఆలస్యమైపోతుందనే భయం ఆమె విషయంలో నిజం కాలేదు. పరుగు, గెంతు, విసురు బాగా అలవడిన శరీరం ఉంటే ఆట నైపుణ్యం తర్వాత కూడా అంటుతుంది. ఇంట్లో తండ్రి వెంటనే ఒప్పుకోలేదు, మేనమామ వెన్నుతట్టాడు. చాలా కుటుంబాల్లో జరిగేదిదే. ఆడపిల్లను దూరపు క్యాంపుకు పంపడానికి ఇంట్లో ఒక్కరైనా గట్టిగా నిలబడాలి. ఎవరు తోడు వెళ్తారు, హాస్టల్ ఎక్కడ, చదువు ఏమవుతుంది అనే మూడు ప్రశ్నలకు ముందే జవాబు సిద్ధం చేసుకున్న మేనమామ మాట త్వరగా చెల్లుతుంది.

మెట్లు, వయసు పత్రాలు

ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ జట్లలోకి దారి జిల్లా సంఘం నుంచి మొదలవుతుంది. జిల్లా సెలెక్షన్స్, అంతర్ జిల్లా మ్యాచ్‌లు, జోన్ జట్లు, ఆపైన రాష్ట్ర ప్రాబబుల్స్ క్యాంపు. అబ్బాయిలకు జాతీయ స్థాయిలో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19లో వినూ మన్కడ్ వన్డేలు, కూచ్ బెహార్ ట్రోఫీ, అండర్-23లో సి.కె. నాయుడు ట్రోఫీ, ఆ తర్వాత రంజీ. భారత తొలి టెస్టు కెప్టెన్ పేరు మీద నడిచే ఆ ట్రోఫీ తెలుగువాళ్లకు ప్రత్యేకమైనది. నాయుడు 1953–54లో, ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టిన సీజన్‌లో, దానికి సారథిగా కూడా ఆడాడు.

ప్రతి మెట్టు మీదా ముందు చూసేది పరుగులు కాదు, కాగితాలు. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, బడి రికార్డుల్లో పుట్టినతేదీ ఒకటే ఉండాలి. బడిలో చేర్చేటప్పుడు తోచిన తేదీ వేసే అలవాటు పల్లెల్లో ఇంకా పోలేదు, దాని ఫలితం ఏళ్ల తర్వాత సెలెక్షన్స్ టేబుల్ దగ్గర బయటపడుతుంది. అండర్-16 స్థాయిలో బీసీసీఐ ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు కూడా లెక్కిస్తుంది. తప్పుడు పత్రం పెట్టినట్టు తేలితే రెండేళ్ల నిషేధం. పదిహేనేళ్ల ఆటగాడికి రెండేళ్లు పోవడమంటే ఒక వయోవిభాగం మొత్తం పోవడమే. వయసు తగ్గించుకుని సంపాదించిన చోటు అండర్-19 దాటగానే ఎలాగూ నిలవదు, ఎందుకంటే అక్కడ పోటీ పెద్దవాళ్లతోనే.

మెట్ల మధ్య దూరం ఎంత ఉంటుందో ఇద్దరు విశాఖపట్నం ఆటగాళ్లు చూపిస్తారు. నితీశ్ కుమార్ రెడ్డి 2017–18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నాగాలాండ్ మీద 441 పరుగులు చేశాడు, ఆ సీజన్‌లో మొత్తం 1,237. అంత పెద్ద సీజన్ తర్వాత కూడా మెల్‌బోర్న్‌లో 2024 డిసెంబరు నాటి 114 పరుగుల టెస్టు ఇన్నింగ్స్‌కు చేరడానికి ఏడేళ్లు పట్టింది. కె.ఎస్. భరత్ 2015లో ఒంగోలులో గోవా మీద 308 పరుగులు చేసి, రంజీలో త్రిశతకం కొట్టిన తొలి వికెట్ కీపర్ అయ్యాడు. అతని టెస్టు టోపీ 2023 ఫిబ్రవరిలో వచ్చింది. ఎనిమిదేళ్ల నిరీక్షణ. ఈ మధ్యకాలాన్ని భరించడానికి ఆటగాడికి దేశవాళీ మ్యాచ్ మీదే ప్రేమ ఉండాలి. పై మెట్టు మీదే కన్నున్నవాడికి కింది మెట్టు మీద ఆడే ప్రతి రోజూ శిక్షలా తోస్తుంది, ఆట కూడా అలాగే తయారవుతుంది.

కుటుంబం ఎంత పణం పెట్టాలి

నితీశ్ తండ్రి కొడుకు ఆట కోసం హిందుస్తాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నాడు. ఆ త్యాగం గొప్పదే. కానీ దాన్ని అందరికీ ఆదర్శంగా చూపడం సరికాదు, మెట్ట వ్యవసాయం మీద బతికే ఇంటికి అసలే సరికాదు. అలా పణం పెట్టి ఏమీ మిగలని కుటుంబాల కథలు పేపర్లో రావు. వాన తప్పిన ఏడాది అప్పు తీర్చలేని ఇంట్లో కిట్ కోసం, ప్రైవేటు అకాడమీ ఫీజు కోసం పొలం అమ్మడం పిల్లవాడి మీద మోయలేని బరువు పెడుతుంది. ఒక డకౌట్ అతనికి ఒక ఎకరంలా కనిపించడం మొదలైతే ఆట అక్కడే చెడుతుంది.

దీనికి బదులు ఖర్చుకు ముందే ఒక హద్దు గీసుకోవాలి. శిక్షణ ఉచితంగా గానీ తక్కువ ఖర్చుతో గానీ దొరికే చోట మొదలుపెట్టాలి. అకాడమీని ఎంచుకునేటప్పుడు నెట్స్ ఎన్ని ఉన్నాయని కాకుండా, ఏడాదికి ఎన్ని లెదర్ బంతి మ్యాచ్‌లు ఆడిస్తారని అడగాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పెద్ద అకాడమీలో చేరి నెట్స్‌లో వరుస కోసం నిలబడటం కంటే సొంత జిల్లాలో వారం వారం మ్యాచ్ ఆడటం మేలు. పైగా పొరుగు రాష్ట్రానికి మారితే అక్కడ ఆడే అర్హత ప్రశ్న కూడా వస్తుంది.

చదువు ఇంటర్ దగ్గర ఆపేయడం మరో పొరపాటు. రైల్వేలు, బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు క్రీడా కోటాలో ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఆట సర్టిఫికెట్‌తో పాటు విద్యార్హత కూడా అడుగుతాయి. మహిళల క్రికెట్‌లో రైల్వేస్ జట్టు ఏళ్ల తరబడి దేశవాళీ టోర్నీలను ఏలిందంటే కారణం ఈ ఉద్యోగాలే. జీతం చేతిలో ఉంది కాబట్టి ఆటగాళ్లు పాతికేళ్లకే ఆట మానుకోవాల్సిన అవసరం రాలేదు. భారత మాజీ కెప్టెన్ మిథాలీ రాజ్ కూడా రైల్వే ఉద్యోగే.

పంతొమ్మిదేళ్లకు రాష్ట్ర ప్రాబబుల్స్‌లో కూడా పేరు రాకపోతే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఆట ఆపేయాలని కాదు, డిగ్రీ, ఉద్యోగ ప్రయత్నం, లీగ్ క్రికెట్ మూడూ కలిసి నడిచేలా రోజును మార్చుకోవాలని.

ఒంటి సంగతి

అనంతపురం ఎండలో పూర్తి సీజన్ ఆడే బౌలర్‌కు నీళ్లు, ఉప్పు, నిద్ర మూడూ శిక్షణలో భాగం. కుర్ర ఫాస్ట్ బౌలర్లకు వచ్చే పెద్ద గాయం నడుము ఎముకలో సన్నని పగులు. ఎదిగే వయసులో అతిగా బంతులు వేయడమే దాని ప్రధాన కారణం. ఉదయం జిల్లా మ్యాచ్, సాయంత్రం కాలేజీ నెట్స్, ఆదివారం ఊరి టోర్నమెంట్‌లో బౌలింగ్ చేసే కుర్రాడి ఓవర్లన్నీ ఒకే నోట్‌బుక్‌లో రాయాలి, ఎందుకంటే మూడు చోట్ల ముగ్గురు కోచ్‌లకూ తమ దగ్గర వేసినవే తెలుసు. రాగి సంకటి, వేరుశనగలు, గుడ్లు, పప్పు, పెరుగు ఉన్న ఇంట్లో ఖరీదైన పౌడర్ డబ్బాల అవసరం పెద్దగా ఉండదు.

ఆ డబ్బాల్లో ఇంకో ప్రమాదమూ ఉంది. 2019 ఆగస్టు నుంచి బీసీసీఐ జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరిధిలోకి వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే, దగ్గు మందులో ఉండే టర్బుటలిన్ కారణంగా భారత బ్యాటర్ పృథ్వీ షా ఎనిమిది నెలల నిషేధం ఎదుర్కొన్నాడు. రాష్ట్ర స్థాయికి చేరిన ఆటగాడు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న సిరప్ వేసుకునే ముందు కూడా జట్టు వైద్యుడినో ఫిజియోనో అడగాలి. తెలియక వేసుకున్నానన్న మాట నిషేధాన్ని ఆపదు.

ఆట ముగిశాక

సగటు క్రికెటర్ ఆట ముప్పై ఐదేళ్లలోపే ముగుస్తుంది. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలిచి టెస్టును కాపాడాడు. అంతటివాడి టెస్టుల సంఖ్యా 16 దగ్గరే ఉంది. కాబట్టి మ్యాచ్ ఫీజు వచ్చిన ఏడాదే పన్ను చెల్లింపు, ఆరోగ్య బీమా, ఆట లేని నెలల ఖర్చుకు పక్కన పెట్టే సొమ్ము అనే మూడు పద్దులు తెరవాలి. పెద్ద మొత్తం ఒకేసారి వచ్చినప్పుడు కారు కంటే ముందు ఇంటి అప్పు తీర్చాలి.

ఆట చుట్టూ ఉన్న పనులు ఆడేవాళ్లకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియవు. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చిన ఎం.ఎస్.కె. ప్రసాద్ ఆరు టెస్టులు, 17 వన్డేలు ఆడి, తర్వాత ఆంధ్రా సంఘంలో పనిచేసి, 2016 నుంచి 2020 వరకు జాతీయ సెలెక్షన్ కమిటీకి నాయకత్వం వహించాడు. రాష్ట్ర జట్టు దాకా వెళ్లనివారికీ దారులున్నాయి. బెంగళూరులోని బీసీసీఐ శిక్షణ కేంద్రం అంచెలంచెలుగా కోచింగ్ సర్టిఫికెట్లు ఇస్తుంది, అనంతపురం నుంచి అక్కడికి జాతీయ రహదారి మీద కొన్ని గంటల ప్రయాణం. స్కోరర్లు, వీడియో అనలిస్టులు, ఫిజియోలు ఇప్పుడు ప్రతి వయోవిభాగం జట్టుకూ కావాలి. నీటిని పొదుపుగా వాడి టర్ఫ్‌ను బతికించగల క్యురేటర్‌కు కరువు జిల్లాలో ఉన్నంత విలువ ఇంకెక్కడా ఉండదు. అంపైర్ కావాలనుకునేవారు ముందు రాష్ట్ర సంఘం పరీక్ష, తర్వాత బీసీసీఐ రాత, మౌఖిక, ప్రాక్టికల్ పరీక్షలు దాటాలి. 2025 డిసెంబరు సవరణకు ముందు దేశవాళీ మ్యాచ్‌లలో పై రెండు శ్రేణుల అంపైర్లకు రోజుకు 40,000, తర్వాతి రెండు శ్రేణులవారికి 30,000 రూపాయలు ఇచ్చేవారు. ఆ పై శ్రేణి ఫీజు రంజీలో తొలి ఇరవై మ్యాచ్‌లు ఆడే ఆటగాడి ఫీజుతో సమానం. అంపైరింగ్ మాత్రం ఆటగాడు రిటైరయ్యే వయసు దాటాక కూడా ఏళ్ల తరబడి సాగుతుంది.